ఎర్రదొడ్డి గుట్టెక్కిన చలికాలం

తిరిగి వచ్చినప్పటి నుంచీ మా వీధి ఆడవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. ఆ రాళ్ళ సీమలో ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, భయం వేయలేదా అని. కాలువ రేవులో ఒకసారి, బడిలో ఒకసారి, పిండిమర దగ్గర మరోసారి చెప్పీ చెప్పీ గొంతు పోయింది. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేస్తున్నాను కూడా. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది కృష్ణ కాలువల కింది పల్లె. నీళ్ళంటే మాకు భయమూ ఉంది, చనువూ ఉంది. మా బాబాయి ఓవర్సియరుగా చేసి రిటైరయినవాడు. సముద్రపొడ్డున గాలివానకు తుడిచిపెట్టుకుపోయిన పల్లెలను తిరిగి నిలబెట్టే పనిలో ఏళ్ళ తరబడి తిరిగాడు. పోయిన ఆశ్వయుజంలో మక్తల్ అవతల ఎర్రదొడ్డి అనే ఊరి మీద చెరువు తెగిపడిందట. ఊరంతా మట్టిలో కలిసిపోయింది. కొత్త ఊరికి గుట్ట మీద స్థలమైతే చూశారు గానీ, ఎలా కట్టాలో తేలక జనం ఇంకా గుడిసెల్లోనే ఉన్నారు. ఒకప్పుడు బాబాయి చేతి కింద పనిచేసి ఇప్పుడు ఆ వైపు ఉద్యోగంలో ఉన్న కుర్రవాడు ఈ కబురు పంపి, ఒకసారి వచ్చి చూడమన్నాడు. బాబాయి ఆ సాయంత్రమే సంచీ సర్దుకున్నాడు. ఆయనకు కడుపులో పుండు. ఒంటరిగా పంపేది లేదని పిన్ని అడ్డం పడింది. నేను పాఠాలు చెప్పే బడికి క్రిస్మస్ సెలవులు కావడంతో తోడుగా నేను బయల్దేరాను. మా మహిళా సంఘం వాళ్ళు చీరలూ దుప్పట్లూ పోగుచేసి రెండు మూటలు కట్టి ఇచ్చారు.

ఎప్పుడూ నీళ్ళకోసం మొగం వాచి ఉండే ఊరిని నీళ్ళే ముంచాయంటే, బస్సెక్కేదాకా నాకు నమ్మబుద్ధి కాలేదు.

మర్రిగూడ

నల్లగొండ దాటాక నేల రంగు మారింది. మా వైపు ఎటు చూసినా పచ్చదనమే. ఇక్కడ ఎర్రమట్టి, నల్లబండలు, వాటి మధ్య అక్కడక్కడా విచ్చిన పత్తి. బస్సు కండక్టరు గుబురుమీసాల మనిషి. నా పక్కకు వచ్చి నిలబడి, "బువ్వ తిన్నవా అమ్మా?" అని అడిగాడు. మా వైపు బువ్వ అన్నది పాలు మరవని పిల్లలతో అనే మాట. అంత మీసం వెనక నుంచి ఆ మాట వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వానో చెబితే ఆయన కూడా నవ్వి, తన గుడ్డమూట విప్పి జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చాడు. లోపల ఎల్లిపాయ కారం. ఎల్లిపాయంటే మన వెల్లుల్లి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వదలకుండా తిన్నాను. ఆ పైన ఆ ప్రాంతంలో ఎవరు కలిసినా మొదట అడిగేది అదే అని తెలిసింది. మొహమాటానికి అడిగేవాళ్ళు కారు. తినలేదంటే నిజంగానే పెడతారు.

మర్రిగూడలో బాబాయితో చదువుకున్న మేష్టారు ఉన్నారు. ఆ పూట వాళ్ళింట్లో ఆగాం. మంచినీళ్ళు ఇస్తూ మేష్టారి భార్య, ఇవి తొట్టిలో పట్టి దాచిన వాననీళ్ళు, భయపడకుండా తాగండి అంది. నీళ్ళు తాగడానికి భయమేమిటో నాకు అర్థం కాలేదు.

తెల్లవారాక అర్థమైంది. పొరుగింటి నర్సింహ అనే ఆయన బాబాయిని చూడవచ్చాడు. నలభై ఏళ్ళు కూడా ఉండవు. కాళ్ళు మోకాళ్ళ దగ్గర బయటికి వంగిపోయాయి. మెడ తిరగదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే కర్ర ఆనించుకుని మనిషి మొత్తంగా తిరగాలి. బడికి పోతున్న పిల్లలు నన్ను చూసి నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించాయి. ఇదంతా బావి నీళ్ళ వల్ల వచ్చిందేనని మేష్టారు చెప్పారు. నీళ్ళు చూడటానికి తేటగా ఉంటాయి, రుచిలో తేడా తెలియదు. ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు, ఆ తరువాత ఎముకలు పట్టేస్తాయి.

నర్సింహ మాత్రం కులాసాగా మాట్లాడాడు. మా ఊళ్ళో కొబ్బరికాయ ఎంత, చేప ఎంత అని వివరాలన్నీ అడిగాడు. మేం ఎందుకు వెళుతున్నామో విన్నాక బాబాయితో అన్నాడు:

"ఊరు గట్టనీకి పోతుండ్రా సారూ, మంచిదే. జాగా జూసేకన్న ముందుగాల నీళ్ళు జూడుండ్రి. గోడ వంగితె కూలగొట్టి మల్ల గట్టుకోవచ్చు. నేను గిట్ల వంగిన, నన్ను మల్ల ఎవలు గడ్తరు?"

బయల్దేరేముందు బాబాయి మేష్టారిని అడిగి రెండు ఖాళీ మందుసీసాలు కడిగించి సంచీలో పెట్టుకున్నాడు. కొత్త ఊరి బావి నీళ్ళు నింపి హైదరాబాదు పంపి పరీక్ష చేయించాలని.

కొత్తకోట

బస్సు దారిలో రెండుసార్లు ఆగిపోయి, మూడో బస్సు ఎక్కితే గానీ కొత్తకోట చేరలేకపోయాం. బెంగుళూరు పోయే రోడ్డు మీద ఊరు కాబట్టి ఎప్పుడూ లారీల సందడే. హోటల్లో చాయ్ చిక్కగా, తియ్యగా ఉంది. కొత్త పైసలు వచ్చి ఇన్నాళ్ళయినా హోటలాయన అణా అనే అడిగాడు. బాబాయికి చాయ్ పడదని తెలిసి, డబ్బు తీసుకోకుండా గ్లాసెడు సల్ల తెచ్చి ముందు పెట్టాడు. సల్లంటే మజ్జిగ. చిన్నప్పుడు మా అమ్మమ్మ చల్ల అనేది. మా ఇళ్ళలో చచ్చిపోయిన మాట ఇక్కడ బతికే ఉంది.

మూటలు రోడ్డుపక్క పెట్టి బస్సు కోసం చూస్తుంటే గొర్రెల మంద వచ్చింది. కృష్ణ ఒడ్డున మేతకు తోలుకుపోతున్నారట. రోడ్డు కనబడకుండా గొర్రెలే. మధ్యలో ఉన్న నాలుగు మేకలు మాత్రం దారి వదిలి సరాసరి మా మూటల మీదికి వచ్చాయి. నేను అదిలించేలోపు ఒక మేక మూటలోంచి చీర చెంగు లాగి నమలడం మొదలుపెట్టింది. నేనొక వైపు, అదొక వైపు. లారీవాళ్ళు బండ్లు ఆపుకుని మరీ చూశారు.

మంద వెనక వస్తున్న ఆడమనిషి పరుగెత్తుకొచ్చి మేకను విడిపించింది. నడుముకున్న తిత్తిలోంచి సూదీ దారం తీసి రోడ్డు మీదే కూర్చుని చిరిగిన చెంగు కుట్టింది. ఈ చీరలు ఎవరికని అడిగింది. ఎర్రదొడ్డి అనగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. వాళ్ళ మేనత్త బాలమ్మ ఆ ఊళ్ళోనే ఉందట. బాలమ్మ మంద మొత్తం ఆ నీళ్ళలోనే పోయిందట. "గొర్లు మల్ల పుడ్తయ్, మనిషి దక్కిందని జెప్పు. ఎండకాలం రెండు పిల్లల్ని తోలుకొస్తనని జెప్పు" అంది. ఆమె కుట్టిన చోట చీర అసలు నేతకన్నా గట్టిగా ఉంది.

మక్తల్

మక్తల్‌లో మనుషులు తెలుగు మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు. కూరగాయల మనిషి అటువైపు వాళ్ళతో ఒక భాష, ఇటువైపు వాళ్ళతో ఒక భాష మాట్లాడుతూ, గుమ్మడికాయ ధర మాత్రం రెండు భాషల్లోనూ తగ్గించనంటోంది. గోంగూర కట్టలు చూసి ప్రాణం లేచివచ్చింది. ఇక్కడ దాని పేరు పుంటికూర. పెసరపప్పులో వేసి వండుతారు. మా పచ్చడి సంగతి చెబితే, అంత నూనె పోస్తే ఏదైనా బాగుంటుందని భోజనం పెట్టిన ఇల్లాలు నవ్వేసింది.

బాబాయి శిష్యుడు అక్కడే కలిశాడు. మంచి కుర్రవాడు. మూడు నెలలుగా తిండీ నిద్రా లేవని మొహమే చెబుతోంది. కొత్త ఊరి నక్షా పరిచి చూపించాడు. చదరంగం గళ్ళలా తిన్నగా వీధులు, సమానమైన ఇళ్ళు. దూలాలూ తలుపులూ సర్కారు ఇస్తుంది, గోడలు ఎవరివి వాళ్ళు లేపుకోవాలి. అంతా బాగానే ఉంది గానీ, హరిజనవాడ ఇళ్ళు మాత్రం గుట్ట కింద, వాగు పక్కన వేసి ఉన్నాయి. అక్కడెందుకు వేశావని బాబాయి అడిగాడు. పాత ఊళ్ళోనూ వాళ్ళది కిందే కదండీ, పెద్దలు అలాగే చెప్పారు అన్నాడు ఆ అబ్బాయి, తల వంచుకుని. బాబాయి నక్షా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎర్రదొడ్డి

ఎడ్లబండి దిగిన చోట ఊరనేది లేదు. ఆ వైపు ఇళ్ళకు కప్పు కూడా మట్టే. దూలాల మీద కట్టెలు పరిచి, మట్టి మెత్తి మిద్దె చేస్తారు. గోడలు నాని కూలితే ఆ బరువంతా మీద పడుతుంది. అలా పడి ఇప్పుడు ఎండిపోయిన దిబ్బలే వరసగా ఉన్నాయి. ఒక దిబ్బలోంచి తిరగలి పిడి పైకి కనిపిస్తోంది. పైన చెరువుకట్ట, దాని మధ్య బండి పట్టేంతకన్నా వెడల్పయిన గండి. చెరువులో చుక్క నీరు లేదు, గడ్డి మొలిచింది. మేం సముద్రాన్ని చూసి భయపడతాం, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి. వచ్చి ఊరిని ముంచి, జాడ లేకుండా పోయిన నీళ్ళను నేను అంతకుముందు చూడలేదు.

జనం చాలావరకు గుట్ట మీద, జొన్నచొప్పతో వేసుకున్న గుడిసెల్లో ఉన్నారు. మేనకోడలు చెప్పమన్న మాటతో బాలమ్మను వెతుక్కుంటూ పోయాను. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్న ముసలామె. పొద్దున్నే పాత ఇంటి దిబ్బ దగ్గరికి దిగి, తవ్వి, ఒక్కొక్క రాయీ నెత్తిన పెట్టుకుని గుట్ట మీదికి చేరుస్తోంది. మేనకోడలి మాట వినగానే రాయి దించి నా మొగం రెండు చేతులా నిమిరింది. తన గుడిసెలోనే పడుకోమంది.

ఆ నీళ్ళు వచ్చిన రోజు సంగతి ఆమె కోడలు ఎల్లమ్మ చెప్పింది. మూడు రోజులు ముసురు పట్టాక, పొద్దు వాలే వేళ కట్ట తెగింది. వాడ పల్లంలో ఉంది కాబట్టి మొదట నీళ్ళు వచ్చింది అక్కడికే. వాడలో దేవయ్య అనే ఆయన పెళ్ళాం మరియమ్మనూ ఇద్దరు పిల్లలనూ గుట్టెక్కించి, మళ్ళీ కిందికి దిగాడు. గొర్రెల దొడ్డిలో చిక్కుకున్న ఎల్లమ్మనూ, చంకలోని పసిబిడ్డనూ ఈదుకుంటూ తెచ్చాడు. వాళ్ళింటి మగవాళ్ళు ఆ వేళ ఊళ్ళో లేరు. బాలమ్మ కోసం ఇంకోసారి దిగాడు. ఆమె జబ్బ పట్టుకుని చింతచెట్టు కొమ్మ అందించాడు. అంతలో పక్కింటి మిద్దె కూలి ఆయన మీద పడింది.

మరియమ్మ గుడిసె వరసలో చివరిది. నేను చీరలు పంచుతుంటే తానుగా రాలేదు, నేనే వెళ్ళాను. వాడలో కొందరు హిందువులు, కొందరు క్రైస్తవులు. ఆ పొద్దున క్రైస్తవుల ఇళ్ళవాళ్ళు ఆమె గుడిసె ముందు కూర్చుని పండుగ పాటలు పాడుకున్నారట. ఆమె వయసు నా వయసే ఉంటుంది. మేక నమిలిన చీరే ఏరి తీసుకుంది. మంచిది తీసుకోమంటే, కుట్టు గట్టిగా ఉంది అంది. అంతకుమించి మాట్లాడలేదు.

నీళ్ళూ, ముగ్గూ

కొత్త స్థలంలో గొర్రెల కాపరులు ఎప్పటినుంచో వాడుకునే బావి ఒకటి ఉంది. బాబాయి రెండు సీసాలూ నింపి తన శిష్యుడికి ఇచ్చాడు. ఫలితం ఎప్పటికి వస్తుందో తెలియదు. అందాకా ఊరికే ఎలా కూర్చుంటాడు? చిన్నప్పటినుంచీ ఆ బావి నీళ్ళే తాగి పెరిగిన కాపరులందరినీ వరసగా నిలబెట్టి నోరు తెరవమన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కరి పళ్ళూ చూశాడు. గొర్రెల సంతలో మేం చేసే పని మామీదే చేస్తుండ్రు అని ఒక ముసలాయన అన్నాడు. మూడు నెలల్లో ఆ గుట్ట మీద అందరూ కలిసి నవ్వింది అప్పుడేనట. చారలున్న పన్ను ఒక్కటీ కనబడలేదు. మేం ఇంటికి చేరాక హైదరాబాదు నుంచి కబురు కూడా అలాగే వచ్చింది.

ఆ తరువాత ఊరి పని మొదలైంది. మా సముద్రపొడ్డున కట్టించినట్టు తాటాకు కప్పు వేస్తే తేలిక, కూలినా మనుషులు చావరు అని బాబాయి ఉద్దేశం. ఆడవాళ్ళతో కూర్చుని ఆ మాట నేను చెప్పాను. జొన్నలు ఎక్కడ ఆరబోసుకోవాలి, ఎండాకాలం ఎక్కడ పడుకోవాలి అని ఎల్లమ్మ అడిగింది. మిద్దె లేని ఇల్లు వాళ్ళకు ఇల్లు కాదు. నేను వెళ్ళి చెబితే బాబాయి రోజంతా తల గోక్కుని, మిద్దె మిద్దెగానే ఉంచి, గోడల కింద నాలుగడుగులు రాతికట్టు పెడదామన్నాడు. అప్పుడు నీళ్ళు తగిలినా గోడ అడుగు కరగదు. అంత రాయి మోయాలంటే శ్రమ. అందుకని రెండేసి ఇళ్ళకు మధ్యగోడ ఉమ్మడిగా వేద్దామన్నాడు. అందరికీ నచ్చింది. అన్నదమ్ములూ, వియ్యాలవారూ జతలుగా చేరిపోయారు. గొర్రెల దొడ్లు వెనక్కి, తలుపులు పడమటి గాలికి ఎదురు లేకుండా, రోలు నీడ పడే వైపు. నేను అడుగుతుంటే ఆడవాళ్ళు చెప్పేవారు, బాబాయి సున్నంతో నేలమీద గీసేవాడు.

వాడ ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి బాబాయి సున్నం డబ్బా పట్టుకుని వాగు వైపు దిగలేదు. గుట్ట మీదే, మిగతా ఇళ్ళ ఎత్తులోనే, మధ్య ఒక బాట వదిలి ముగ్గు పోశాడు. ఊరి పటేలు వచ్చి మర్యాదగానే అభ్యంతరం చెప్పాడు. తాతల నాటి పద్ధతి ఒకటి ఉంది కదా అన్నాడు. నీళ్ళు వచ్చిన దారిలో నేను ఇల్లు గీయను, అక్కడే కావాలంటే వేరే వాళ్ళను పిలిపించుకోండి అని బాబాయి కూడా అంతే మర్యాదగా చెప్పి, డబ్బా కింద పెట్టాడు. పటేలు చాలాసేపు గండి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన పెద్దకొడుకు కూడా ఆ నీళ్ళలోనే పోయాడని నాకు తరువాత తెలిసింది. చివరికి, బాట ఇంకొంచెం వెడల్పు చేయండి అని మాత్రం అని వెళ్ళిపోయాడు. బాబాయి నాలుగడుగులు వెడల్పు చేశాడు. న్యాయమంతా మేం జరిపించామని నేను అనను. ఊరికీ వాడకీ మధ్య ఆ బాట ఉండనే ఉంది.

లారీ

ఈ పాలమూరు జిల్లా మనుషులు మట్టిపనికి పెట్టింది పేరు. ఎక్కడ కాలువ తవ్వినా, ఆనకట్ట కట్టినా వీళ్ళే కనబడతారు. మా కాలువల్లో పూడిక తీయడానికి వచ్చేవాళ్ళు కూడా వీళ్ళేనని నాకు అప్పుడే తెలిసింది. మా రేవు పక్కన గుడిసెలు వేసుకునే వాళ్ళను రోజూ చూసేదాన్ని. వాళ్ళది ఏ ఊరని ఎన్నడూ అడగలేదు.

ముగ్గు పోసిన మర్నాడు కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చాడు. కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పనికి జనం కావాలి, సోమవారం లారీ వస్తుంది అన్నాడు. చెడ్డవాడేం కాదు. గోడలు తింటరా, రండి, వానాకాలానికి తిరిగొద్దురు అన్నాడు. గొర్రెలు పోయినవాళ్ళకు వేరే దారేముంది? బాలమ్మ కొడుకు కుర్మయ్య ఒప్పుకున్నాడు. మరియమ్మ కూడా ఒప్పుకుంది.

ఆమె సంగతి అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు. వాడలో కూడా జతలు చుట్టరికాన్ని బట్టి కుదిరిపోయాయి. రాయి మోసే మగమనిషి లేని ఇంటితో గోడ కలపడానికి ఎవరికి వాళ్ళే వెనకాడారు. ముగ్గులో ఆమె ఇల్లు బాట కొసన ఒంటరిగా మిగిలింది. లారీ ఎక్కితే ఆ కాస్త స్థలమూ వేరే వాళ్ళకు పోతుంది.

ఆ సాయంత్రం అందరూ కూడిన చోట బాలమ్మ లేచింది. తన ఇల్లు కూడా బాట కొసకే జరపమని, మరియమ్మ గోడా తన గోడా ఒకటే కావాలని బాబాయిని అడిగింది. అందరూ ఒకేసారి మాట్లాడారు. నీ ఇంటికి పిల్లనెవరిస్తారు, నీ మనవరాలిని ఎవరు చేసుకుంటారు అని అడిగారు. కుర్మయ్య మొగం ఎర్రబడింది. నువ్వు గోడ కలిపితే నేను ఈ ఊరికే తిరిగి రాను అన్నాడు.

బాలమ్మ గొంతు పెంచలేదు.

"మీరంత గుట్ట మీదికెల్లి జూసిండ్రు. నేను నీళ్ళల్ల ఉండి జూసిన. నా జబ్బ వట్టిన చెయ్యి ఏ వాడదో నేను అప్పుడడగలే. ఇప్పుడడుగుమంటే నాకు నోరు రాదు బిడ్డా."

మరియమ్మ వెనక నిలబడి ఉంది. మెల్లగా ముందుకు వచ్చి, "వద్దవ్వా. నా వల్ల నీకు మాటొస్తది. నేను పోత" అంది.

"పోతె పో," అంది బాలమ్మ. "గోడ లేపినంక పో. ఒక్కదాన్ని నాతోని కాదు."

బాబాయి నా వైపు చూశాడు. నేను సున్నం డబ్బా అందించాను.

సోమవారం లారీ వచ్చింది. పది పదిహేనుమంది పడుచువాళ్ళు ఎక్కారు. కుర్మయ్య కూడా మూట వేసుకుని ఎక్కాడు. సాగనంపడానికి పెళ్ళాం వస్తుందని చూశాడు. ఎల్లమ్మ రాలేదు. బిడ్డను నా చేతికిచ్చి, పునాది దగ్గర మరియమ్మతో కలిసి రాళ్ళు మోస్తోంది. దేవయ్య ఈది తెచ్చిన బిడ్డ అది. నా జుట్టు పట్టుకుని లాగుతూ నవ్వుతోంది. లారీ గుట్ట చుట్టూ తిరిగి, వాగు దాటి, దుమ్ములో కలిసిపోయింది. బాలమ్మ అటు చూడలేదు.

మధ్యాహ్నం వేళ వాగు వైపు నుంచి ఒక మనిషి నడిచి వస్తూ కనిపించాడు. దగ్గరికి వచ్చేదాకా ఎవరో తెలియలేదు. వాగు ఇసుకలో లారీ కూరుకుంటే అందరితో పాటు దిగి తోశాడట కుర్మయ్య. లారీ కదిలింది, తాను మళ్ళీ ఎక్కలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. మూట కింద పడేసి, ఆడవాళ్ళు ముగ్గురూ కదిలించలేక వదిలేసిన బండ దగ్గరికి పోయి గునపం అందుకున్నాడు. మరియమ్మతో మాట్లాడలేదు. ఆమె బండకు రెండో వైపు పట్టింది.

బయల్దేరిన పొద్దు

మేం ఉన్నన్ని రోజుల్లో గుట్ట మీద గోడలు ఛాతీ ఎత్తుకు లేచాయి. కొన్ని వంకరగానే లేచాయి. ఒక జత వియ్యంకులు సగంలో పోట్లాడుకుని ఉమ్మడి గోడ మీద ఎవరికి వారే రాళ్ళు పేర్చసాగారు, బాబాయి వెళ్ళి సర్దిచెప్పాడు. వాడ జనంలో ఇద్దరు ఇంకా నమ్మకం కుదరక వాగు పక్క గుడిసెల్లోనే ఉన్నారు. అయినా పొద్దున లేచేసరికి రాయి మీద రాయి పెట్టే చప్పుడు గుట్టంతా వినిపించేది. ఆ చప్పుడుకు బాబాయి తన కడుపునొప్పి సంగతి మరిచిపోయాడు. జొన్నరొట్టె తిని, సల్ల తాగి నా కళ్ళ ముందే లావయ్యాడు.

వెళ్ళే రోజు పొద్దున బండి కట్టారు. చెప్పి వద్దామని బాట కొసకు పోయాను. గోడ పేర్చే పెద్దాయన ఉమ్మడి గోడ మధ్యలో చేతిలో రాయితో ఆగి ఉన్నాడు. బాలమ్మ అక్కడ ఒక సందు వదలమంటోంది. గోడకు బలం తగ్గుతుందని ఆయన, ఏం పర్వాలేదని ఆమె. చివరికి ఆయన విసుగ్గా, ఎంత సందు వదలాలో చెప్పమన్నాడు.

"ఒక గిన్నె వట్టేంత," అంది బాలమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపారు. ఊరివాళ్ళ గిన్నె వాడ ఇంటికి, వాడ గిన్నె ఊరివాళ్ళ ఇంటికి పోవడం అక్కడ లేదు. కుర్మయ్య అటువైపు తిరిగి మట్టి కలుపుతూనే ఉన్నాడు గానీ, వద్దనలేదు. పెద్దాయన రెండు రాళ్ళు అటూ ఇటూ జరిపి, పైన ఒక పలక పరిచి, సందు చేశాడు. అవతలి వైపు మరియమ్మ పిల్లలను వెంటబెట్టుకుని నిలబడి ఉంది. సందులోంచి చెయ్యి పెట్టి చూసింది. చిన్నదాన్ని దగ్గరికి పిలిచి గోడకు ఆనించి నిలబెట్టి, ఎత్తు చూసింది. ఇన్ని రోజుల్లో తనంతట తాను ఇంకొకరిని ఏదైనా అడగడం నేను వినలేదు.

"జర కిందికి పెట్టు తాతా," అంది. "పిల్లలకు గూడ అందాలె."

పెద్దాయన పలక తీసి, పేర్చిన రాళ్ళను ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు.